బెడ్డు నంబరు నాలుగు

ఇన్నేండ్లు ఎడారి దుమ్మే అనుకున్న.
అజ్మాన్ల గాలి లేసినప్పుడల్లా
కిటికీ సందుల్ల తడిబట్టలు కుక్కి
ముక్కుకు దస్తీ కట్టుకొని పండుకున్న.
తుమ్ములు ఆగలే.
రాత్రి మూడు కొట్టంగనే
ఛాతిల పిల్లికూతలు.
పై మంచం మీది రాజలింగు
"మళ్ల మొదలువెట్టిండు హార్మోనియం" అనుకుంట
గోడదిక్కు తిరిగెటోడు.

క్లినిక్కుల మలయాళీ డాక్టరమ్మ
ముంజేతి మీద వరుసగ చుక్కలు వెట్టి
సూదితోని గీకింది.
పిల్లి, బొద్దింక, ఖర్జూరం పుప్పొడి, ఏం గాలే.
ఒక్క చుక్క మాత్రం
కందిరీగ కుట్టినట్టు ఉబ్బింది.
"ఇసుక కాదు," అన్నది హిందీల,
"నీ పరుపుల పురుగు. కంటికి కనవడదు.
ఒంటి మీదికెల్లి రాలిన పొట్టు తిని బతుకుతది."

బస్సుల నవ్వొచ్చింది నాకు.
ఆ పరుపు మీద నాకన్న ముందు ఒక నేపాలీ,
ఆయనకన్న ముందు
అగ్రిమెంటు తీరకముందే వెళ్లిపోయిన సిల్హెట్ ముసలాయన.
మనుషులు విమానాలెక్కిన్రు.
వాళ్ల పొట్టు ఈడనే ఉన్నది,
వీసా లేకుంట, కిరాయి కట్టకుంట.
దాన్ని తినెటోళ్లు
ఏ దేశపోడివని అడగరు.

డాక్టరమ్మ కాయితం గోడకు అంటిచ్చిన.
షరీఫ్ కాక కార్పెట్ చుట్టి డాబా మీద పడేసిండు,
తన పైసల్తోని కొన్నది, ఒక్క మాట అనలే.
ఏసీ జాలి కడిగితే
బూడిద రంగు నీళ్లు, బకెట్ నిండా.
పరుపుకు జిప్పు కవరు తొడిగిన,
ఇప్పుడు ఇటు ఒత్తిగిలితే చాలు
చిప్స్ పాకిటి చింపినట్టు చప్పుడు.
చెద్దర్లు అరవై డిగ్రీల నీళ్లల్ల ఉతకాల్నట,
జూలైల మా నల్లా నీళ్లకు
ఆ సంగతి ముందే ఎరుక.

పర్దా దగ్గరికొచ్చి చెయ్యి ఆగింది.
మంచం సుట్టు కట్టుకున్న పాత లుంగీలు.
ఆరుగురి గదిల
నాదనే గది అదొక్కటే.
దాని లోపల సరూప మొఖం ఫోన్ల
బల్బు తీరుగ వెలిగేది.
తీసేసిన.
ఆ రాత్రి ఫోన్ల
"తిన్నవా", "తిన్న" అని తప్ప
ఏం మాట్లాడలే.

ఇగ మిగిలింది బొంత.
సరూప చీరలు, ఐదు పొరలు,
వేడినీళ్లల్ల వేస్తే కుట్లు విడుస్తయి.
"పారెయ్యి, లేకుంటే గడ్డకట్టేదాక చల్లగ పెట్టు" అన్నది డాక్టరమ్మ.
లింబాద్రి షాపల కోల్డ్ స్టోరేజిల లోడింగు చేస్తడు.
నల్ల కవర్ల చుట్టి
కింగ్‌ఫిష్ డబ్బాల ఎనుక దాసిండు, రెండు రోజులు.

తెచ్చిన నాడు
తలుపు చెక్క మోసినట్టు చంకల పట్టుకొని తెచ్చిండు.
గోడకు ఆనిస్తే నిలబడ్డది.
అందరం సుట్టు కూసుండి సూసినం.
మొదలు మూలలు వంగినయి,
తర్వాత ఎర్రంచు,
నడుమ ఆకుపచ్చ చీర మటుకు
మస్తు సేపు మొండికేసింది.

అప్పుడే ఫోను మోగింది.
పర్దా లేదు గద,
నేల మీద గుడ్డ, సుట్టు తల వంచుకున్న మొగోళ్లు,
సరూప గొంతు వణికింది:
"ఎవలన్న పోయిన్రా అయ్యా?"
రాజలింగు ఫోను గుంజుకున్నడు:
"ఎవలు పోలేదు చెల్లె,
నీ బొంతకు చలిపెట్టింది."
మొదటిసారి ఆమె నవ్వు
ఆరుగురికి వినవడ్డది.

సచ్చిన పురుగులు గుడ్డలనే ఉంటయట.
డాబా ఎక్కి నేనొక కొస, లింబాద్రొక కొస పట్టి
చేతులు గుంజేదాక దులిపినం,
తర్వాత చల్లనీళ్లల్ల పిండి ఆరేసినం.
మర్నాడు కప్పుకొని
ఐదింటి అలారం దాక పండుకున్న.
"నిద్ర పట్టలేదురా, పాట లేక" అన్నడు రాజలింగు.

సరూపకు చెప్పలేదు,
ఆకుపచ్చ కొంగు కాడ
ఇంకా జరంత షాప వాసన.

లింబాద్రి షూ వేసుకుంట అన్నడు:
"వచ్చే నెల ఇరవై తారీకు మళ్ల ఇయ్యి.
సూపర్‌వైజర్ సెలవుల ఉంటడు.
ఈసారి రెండు కవర్లు చుట్టు."